అలిగిన నాడు పిలుపుండదు

పోయిన వారం బాలలక్ష్మిని మనం చేదబావి గట్టు మీదే వదిలేసి వచ్చాం. చంకలో ఐదు నెలల మార్కండి, చేతిలో చేంతాడు, కింద నల్లటి నీళ్ళు. ఆ నీళ్ళలోకి వంగి చూసినప్పుడు ఆమె కళ్ళ ముందు ఒక బొమ్మ కట్టింది. తన చేతులు సడలినట్టు, పిల్లవాడు జారిపోయినట్టు. నిజానికి చేతులు సడలలేదు, పిల్లవాడు జారలేదు. కానీ ఆ బొమ్మ కనబడిందే! కన్నతల్లికి కనబడవలసిన బొమ్మేనా అది? బొక్కెన అక్కడే పారేసి, కొడుకును రొమ్ముకు అదుముకుని, మెట్‌పల్లి సాలెవాడంతా నోళ్ళు తెరుచుకుని చూస్తుండగా ఇంటికి పరుగెత్తింది. ఏమైందని అడిగినవాళ్ళకు ఒక్క మాటా చెప్పలేదు.

ఆ పరుగును గడపలో నిలబడి చూసింది ఆడబిడ్డ గంగుబాయి. నిర్మల్‌లో తన పిల్లలిద్దరినీ అత్తకు అప్పగించి, పుట్టింటి బతుకమ్మ చూడాలని ఒక్కతే మోటరెక్కి వచ్చిన మనిషి. ఊరుకుంటుందా?

"పండుగ ఆఖరి నాటి సద్దుల దాక సూస్త, పిల్లా" అంది అందరూ వినేలా. "నలుగుర్ల కలిసి ఆడుకుంట, నవ్వుకుంట ఉంటివా, సరే. లేకుంటె మా తమ్ముని కొడుకును నేను తీస్కపోత. మేకపాలు పోసన్న సాదుకుంట. గిట్ల గాలి సోకినదాని చేతుల పసిపోరన్ని పెట్టి, నాకు నిర్మల్‌ల కన్నుకు కునుకొస్తదా?"

అత్త భూమవ్వ అక్కడే అరుగు మీద గునుగు పూలకు రంగులద్దుతోంది. ఔననలేదు, కాదనలేదు. గంగుబాయి మాట కన్నా అత్త మౌనమే బాలలక్ష్మిని ఎక్కువ కోసింది. ఆ రాత్రి పిల్లవాడి కాలికి తన కొంగు కట్టుకుని పడుకుంది.

తెల్లవారింది. పండుగలో అది బతుకమ్మ అలిగిన రోజు.

ఎందుకు అలిగిందో ఇంటికొక కథ చెబుతారు గానీ, అలిగిందన్న మాట మాత్రం అందరూ ఒప్పుకుంటారు. ముందు అయిదు రోజులూ తంగేడు, గునుగు, కట్లపూలు తెచ్చి, వరసలు వరసలుగా పేర్చి, చుట్టూ తిరిగి చప్పట్లు కొట్టి పాడినవాళ్ళు ఆ రోజు పూలకు పోరు. బతుకమ్మను పేర్చరు. నైవేద్యం పెట్టరు. అమ్మవారు అలిగి ఉంది, ఆమె జోలికి పోవద్దంటారు. సాలెవాడలో ఇంకొక వాడుక కూడా ఉంది. ఆ రోజు మగ్గాలు మోగవు, ఆడవాళ్ళు పొయ్యి ముట్టించరు. ఎవరు పెట్టిన వాడుక ఇది అంటే పెద్దవాళ్ళు "గట్లనే" అంటారు, అంతకుమించి చెప్పరు.

మగ్గం మోగదన్న మాటకే బాలలక్ష్మి గుండె జారింది. కాన్పయిన దగ్గరి నుంచి ఆమెను నిలబెట్టింది ఆ చప్పుడే. పొద్దున మొగుడు పర్శరాములు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంటే దీపాలవేళకు లేచేవాడు. నాడె అటూ ఇటూ ఉరుకుతూ టకటకమంటుంటే, పక్కన రాట్నం ముందు కూర్చుని ఆమె కండెలకు నూలు చుట్టేది. చలికి వణికే పిల్లవాడి మీద దుప్పటి కప్పినట్టు, ఆ చప్పుడు ఆమె తలలోని మాటలన్నిటినీ కప్పేసేది. ఇప్పుడు పండుగ వచ్చి దుప్పటి లాగేసింది. పండుగ పూట అందరి నోటా ఒకటే మాట, నవ్వు, ఆడు, మంచి చీర కట్టు. తను నవ్వబోతే పెదవులు ఎండిన పేడలా బీటలిచ్చేవి. అయిదు రోజులూ తలనొప్పి అని చెప్పి ఇంట్లోనే ఉండిపోయింది.

పొద్దెక్కింది. వంటింట్లో పర్శరాములు పొగలో దగ్గుతున్నాడు.

"అవ్వా! పప్పుల ఉప్పెంత?" అని కేకేశాడు.

మగ్గం గదిలోంచి జవాబు లేదు. భూమవ్వ ఎప్పుడో లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది.

పక్కింటి సాంబయ్య గోడ మీదుగా తల పెట్టాడు. ఆయన చేతిలోనూ గరిటే. "అలిగినోళ్ళను అడుగుతవేందిరా? ఎంతనో అంత ఎయ్యి, ఎక్కువైతె తియ్యి."

"ఏసిన ఉప్పు తియ్యొస్తదా, మామా?"

"నాకేం ఎర్క? నేను ఏటా గింతే ఏస్త. మీ అత్త ఏటా తిడ్తది. పోయినేడు నా పప్పు మా కుక్క గూడ ముట్టలే."

మామూలప్పుడైతే బాలలక్ష్మికి నవ్వొచ్చేదే. ఇప్పుడు ఆమె చూపు పెరటి వైపు ఉంది. దొడ్డివైపు దారిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే వస్తున్నారు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. వచ్చి, మగ్గం గది వెనక తలుపు నెట్టుకుని లోపలికి పోతున్నారు.

పోయినేడూ ఇంతే. అప్పుడామె కొత్త కోడలు, వేవిళ్ళతో లేవలేని మనిషి. వాడకట్టు ఆడవాళ్ళంతా తన ఇంటికే వచ్చి, తన కళ్ళ ముందే ఆ గదిలోకి పోయి తలుపేసుకున్నారు. రమ్మని ఒక్కరూ పిలవలేదు. అత్త కూడా పిలవలేదు. వంటింటి మూల పడుకుని కళ్ళు వాచేదాకా ఏడ్చింది. పరాయిదాన్నని చూపించారు కదా అని ఆ నాడు పడిన ముడి ఏడాదిగా గొంతులో అలాగే ఉంది.

ఇంట్లో నిశ్శబ్దం ఊరే నీరులా పైకి పైకి లేస్తోంది. బల్లి పలకడం వినిపించింది. తొట్టెల తాడు కిర్రుమనడం వినిపించింది. తొట్టెలలో మార్కండి కాలు తన్నుకుంటూ, పైకప్పు పెంకుల్లోంచి జారే వెలుగు చుక్కను పట్టుకోబోతున్నాడు. ఆమె వాణ్ణి చూసింది. బావి లేదు, నీళ్ళు లేవు, అయినా ఆ బొమ్మ మళ్ళీ వచ్చింది.

దిగ్గున లేచింది. "ఇగో, జర పిలగాన్ని సూడు" అంది వంటింటి వైపు.

అరుగు మీద వక్కలు కత్తిరిస్తున్న గంగుబాయి చెయ్యి ఆగింది. "నువ్వేడికి?"

"మగ్గం కాడికి."

"ఇయ్యాల మగ్గం మోగిస్తవా? అమ్మవారు అలిగి ఉన్నది, ఎర్కేనా?"

"అలిగితె అలగనియ్యి, వదినె. నాకు సప్పుడు గావాలె!"

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందా అని ఆమెకే ఆశ్చర్యమైంది. గంగుబాయి అడకత్తెర కింద పడింది. బాలలక్ష్మి వెనక్కి చూడలేదు. గుంటలోకి దిగి తాడు పట్టుకుని గుంజాలి, నాడె ఉరకాలి, అమ్మవారికి కోపమొచ్చినా సరే, లోపలున్న వాడకట్టంతా తిట్టినా సరే. రెండు చేతులతో తలుపు నెట్టింది.

నెట్టి, అక్కడే నిలబడిపోయింది.

గది నిండా వీపులు.

మగ్గానికి అటూ ఇటూ, గోడ పొడవునా ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. అందరి మొఖాలూ గోడ వైపే. తలుపు తెరుచుకున్నా ఒక్క తల తిరగలేదు. పెంకుల సందులోంచి పడిన ఎండలో నూలు దుమ్ము మెల్లగా తేలుతోంది. మగ్గం మీద సగం నేసిన చీర, దాని దారాలన్నీ ఊపిరి బిగబట్టినట్టు నిలిచి ఉన్నాయి. అక్కడ కూర్చున్నవాళ్ళ మొఖాలన్నీ ఆమెకు తెలుసు. పండుగ ఆటలో ఎవరి గొంతు ముందు లేస్తుందో, ఎవరి చప్పట్లు గట్టిగా మోగుతాయో తెలుసు. వాళ్ళ వీపులను మాత్రం ఇన్నాళ్ళూ చూడలేదు. పాట ఎత్తుకుంటే మూడు వాడల అవతలికి వినబడే భూమవ్వ వీపు చిన్నపిల్ల వీపులా ఉంది. రవిక ముడి దగ్గర ఎముక తేలి ఉంది. రోజంతా నవ్వుతూ గాజులు తొడిగే షహర్ బానో భుజాలు, బరువు దించినా వంపు పోని కావడి బద్దలా వంగి ఉన్నాయి. గోడ చివర సత్తమ్మ ముసలి మెడ మీద తెల్లటి వెంట్రుకలు ఎండకు మెరుస్తున్నాయి.

గుడిలో గర్భగుడి తలుపు తీసినప్పుడు లోపలి చీకటి మీదికి వచ్చినట్టుంటుంది చూడండి, అలా అనిపించింది ఆమెకు. అమ్మవారు ఒక్కతే అలిగిందనుకుంది ఇన్నాళ్ళు. ఇక్కడ ఇంతమంది ఉన్నారు.

భూమవ్వకూ షహర్ బానోకూ నడుమ గోడ వద్ద కొంచెం చోటు ఖాళీగా ఉంది. ఊరికే వదిలిన చోటు కాదు. అక్కడ కడిగిన చాప ముక్క ఒకటి పరిచి ఉంది. దాని మీద ఎవరూ లేరు.

బాలలక్ష్మి కాళ్ళు తాడు వైపు పోలేదు. పోయి ఆ చాప ముక్క మీద కూర్చున్నాయి. మొఖం గోడకు తిప్పుకుంది. ముక్కుకు సున్నం వాసన, గంజి వాసన తగిలాయి.

భూమవ్వ కదలలేదు. గోడకే చెప్పినట్టు, మెల్లగా అంది. "పోయినేడు గూడ ఏసినం గా సాప."

అంతే. బాలలక్ష్మి గొంతులోని ముడి ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది. "పిలువలేదు గద, అత్తా?"

"అలక్కు పిలుపేంది, బిడ్డా? రమ్మంటె వచ్చేది అలక అయితదా? పెండ్లికి పిలుస్తరు, పేరంటానికి పిలుస్తరు. దీనికి ఎవ్వలు పిలువరు. వచ్చేదాక జాగ ఉంచుతరు."

ఏడాది పాటు తనను వెలివేశారనుకున్న గదిలో ఏడాది పాటు తన చోటు పరిచి ఉంది. బాలలక్ష్మి చాప అంచును వేళ్ళతో తడిమింది.

ఇంటి ముందటి గదిలో ఆమెను తరిమిన నిశ్శబ్దమే ఇది కూడా. కానీ ఇంతమంది మధ్య అది నీళ్ళలా లేవలేదు. ఒళ్ళో కూర్చున్న పిల్లిలా ఉంది.

తర్వాత ఎవరో గోడతో మాట్లాడారు. గొంతును బట్టి షహర్ బానో అని తెలిసింది.

"నాకు పండుగొస్తె మూతి నొప్పి. పొద్దందాక ఒక్కొక్కల చెయ్యి పట్టుకొని నవ్వాలె. మా ఆయన సచ్చిపోయిన నెల గూడ నవ్విన. గాజులమ్మేదాని మొఖం ఏడ్సినట్టుంటె గాజులు ఎవ్వలు తొడుక్కుంటరు?"

"ఊఁ" అన్నాయి వీపులన్నీ. కథ వినేటప్పుడు కొట్టినట్టు ఊఁ. అయ్యో అనలేదు ఎవరూ, పోనీలే అనలేదు.

కొంచెం ఆగి ఇంకో గొంతు. "నా బిడ్డ పోయింది గీ పండుగ నెలల్నే. అందరు రమ్మంటె నేను గూడ ఆడిన. కాళ్ళు ఆడినయి. నేను ఆడలే."

"ఊఁ."

భూమవ్వ గొంతు సవరించుకుంది. అత్త ఏమంటుందో! ఆమెకు అలగడానికేముంది?

"పాట నాకు చేదైంది" అంది భూమవ్వ. "భూమవ్వ లేకుంటె ఆట లేదంటరు. గొంతుల పుండున్నా పాడాలె, ఇంట్ల పీనుగు లేసినా పాడాలె. గీ గొంతు నాది గాదిప్పుడు, వాడది. ఒక్క ఏడన్న వెన్క నిలబడి, ఇంకెవ్వలన్న పాడుతుంటె సప్పట్లు కొట్టాలని నాకు మస్తు కోరిక."

"ఊఁ."

బాలలక్ష్మి కూడా ఊఁ అంది. అనేశాక తెలిసింది తను అన్నట్టు. ఇంటి పెత్తనమంతా చేసే అత్త, వాడకే గొంతైన అత్త, ఇంత చిన్న కోరిక దాచుకుందా? పక్కనున్న ముడతల చెయ్యి తన చేతికి బెత్తెడు దూరంలోనే ఉంది. ఏడాదిన్నరగా ఒకే కప్పు కింద ఉన్నారు. ఆ చెయ్యి అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

ఆ తర్వాతి నిశ్శబ్దం తన కోసమేనని ఆమెకు తెలిసింది. ఎవరూ తొందరపెట్టలేదు. చెప్పకపోయినా ఎవరూ ఏమీ అనరు. అందుకే చెప్పగలిగిందేమో.

"బాయి కాడ..." అంది. "బాయి కాడ నాకు కనబడ్తది. చేతులు వదిలిపెట్టినట్టు. పిలగాడు... నాకు వదిలిపెట్టాలని లేదు. మా మార్కండి తోడు, లేదు. అయినా కనబడ్తది. ఇంట్ల గూడ కనబడ్తున్నది ఇయ్యాల. నేను తల్లినేనా?"

కళ్ళు గట్టిగా మూసుకుంది. ఇప్పుడు లేస్తారు, ఇప్పుడు కేకలేస్తారు, పిల్లవాణ్ణి తీసుకుపొమ్మంటారు. పెంకులు ఊడి నెత్తిన పడతాయేమో అన్నంత భయం.

"ఊఁ" అన్నాయి వీపులు.

పెంకులు పడలేదు. ఎండలో నూలు దుమ్ము అలాగే తేలుతోంది.

గోడ చివర నుంచి సత్తమ్మ ముసలి గొంతు పలికింది. "నాకు బాయి గాదు. పొయ్యి. మా పెద్దోడు పుట్టినప్పుడు. మంట సూస్తె సాలు కనబడుతుండె. పోరన్ని తీస్కపోయి గొడ్లకొట్టంల పండవెట్టి వచ్చి వంట చేసేదాన్ని. ఆ పెద్దోడే గిప్పుడు నాకు పప్పుల ఉప్పెయ్యక సంపుతుండు."

ఎవరో నవ్వాపుకోలేక ముక్కుతో గుర్రుమన్నారు. మళ్ళీ సద్దుమణిగింది.

"నాకు కొడవలి" అంది ఇంకో గొంతు.

"నాకు మిద్దె మెట్లు" అంది మరొకటి.

"నేను గోదారికి తానానికి పోలే మూడేండ్లు. గందుకే" అంది భూమవ్వ. "నీ మొగన్ని సంకలేస్కొని ధర్మపురి రేవుల దిగాలంటె కాళ్ళు రాకపోయేటివి. దేవునికి కోపమొస్తదని అందరన్నరు. నేను పోలే."

బాలలక్ష్మికి ఒళ్ళంతా గగుర్పొడిచింది. చెరువు అడుగున ఎన్ని ఊటలుంటాయో పైన నిలబడినవాళ్ళకు తెలుస్తుందా? సద్దుల నాడు పట్టుచీరలు కట్టి, పూలు నెత్తిన పెట్టుకుని, వాడంతా మోగేలా నడిచే ఈ ఆడవాళ్ళు, వీళ్ళంతా ఆ బొమ్మను చూసినవాళ్ళే. చూసి కూడా పిల్లలను పెంచినవాళ్ళే. తన మొగుడు, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని పదాలు కూనిరాగం తీసే ఆ మనిషి, ఒకప్పుడు భయపడిన తల్లి చంకలో ఉన్న పసివాడే. ఈ లోకంలో తనొక్కతే రాక్షసి అనుకుంది. గోడకు మొఖం పెట్టుకుని కూర్చుని, తన వాడకట్టునంతా మొదటిసారి చూసింది.

ఎప్పుడు ఏడ్చిందో, ఎంతసేపు ఏడ్చిందో తెలియదు. ఎవరూ ఓదార్చలేదు. అందులో ఎంత హాయి ఉందో ఏమని చెప్పాలి!

పెంకుల్లోంచి పడే ఎండ గోడెక్కి మాసిపోయాక భూమవ్వ లేచి దీపం ముట్టించింది. అందరూ మోకాళ్ళు పట్టుకుని లేచారు, నడుములు విరుచుకున్నారు. అప్పుడు కానీ ఒకరి మొఖం ఒకరు చూసుకోలేదు.

"ఇగ పోయి మొగోళ్ళు ఉడకబెట్టింది తిని రేపటి దాక బతికుంటె ఆడుదం" అంది షహర్ బానో. బాలలక్ష్మి చెంప మీద చెయ్యేసింది. "జర నిమ్మలముండు బేటీ. ఫికర్ చెయ్యకు."

భూమవ్వ కోడలి వైపు తిరిగింది. ఇప్పుడామె మామూలు అత్త. గొంతులో ఎప్పటి గరుకే. "ఇను. రేపటి సంది నువ్వు బాయి కాడికి పోకు. నీళ్ళు నేను తోడుకొస్త, లేకుంటె మీ ఆయన తోడుతడు, చేతులిరగవు. భయమున్న కాడికి సిగ్గుపడి పోవుడు వద్దు. సద్దుల నాడు బతుకమ్మల ఒక్క వరస పేరుస్తవా, ఒక్క వరసే పేర్చు. ఆడబుద్ధి గాకుంటె నిలబడి సూడు. ఎవ్వలన్న అడిగితె భూమవ్వ నిలబడమన్నదను."

"వదినె పిలగాన్ని తీస్కపోతన్నది గద, అత్తా. నువ్వేం అనకపోతివి."

"దాని నోరు దానిది. నీ కొడుకును ఈ ఇంట్లకెల్లి ఎవ్వలు తీస్కపోరు. అప్పుడే అనాల్సింది. అనలే."

బాలలక్ష్మికి ఆకలేసింది. ఎన్నాళ్ళకో వేసిన ఆకలి. ఉప్పెక్కువైనా సరే, మాడినా సరే, ఆ పప్పు తిని, కొడుకుకు పాలిచ్చి పడుకోవాలి. తలుపు తీసి ముందటి గదిలోకి వచ్చింది.

తొట్టెల ఖాళీగా ఉంది.

వంటింట్లోంచి మసి మొఖంతో పర్శరాములు వచ్చాడు. "అక్క ఎత్తుకున్నది. మేకపాలు తాపింది, అయినా ఏడుస్తుండంటె బయటికి తీస్కపోతనన్నది." అంటూ అంటూనే అతని చూపు అరుగు మూలకు పోయింది. గంగుబాయి మూట అక్కడ లేదు. అడకత్తెర మాత్రం మగ్గం గది తలుపు పక్కన, నేల మీద పడి ఉంది. అరుగు మీద పడిన అడకత్తెర అక్కడికి ఎలా వచ్చింది?

బాలలక్ష్మికి అర్థమైంది. ఆ తలుపు వెనక నిలబడి ఎవరు విన్నారో, ఏం విన్నారో.

"ఆర్మూరు మోటరు!" అంది. అప్పటికే ఆమె వాకిట్లో ఉంది. వెనక భూమవ్వ కీళ్ళు పట్టిన కాళ్ళతో, "మెల్లగ, బిడ్డా" అంటూ వస్తోంది. పర్శరాములు పెద్దబజారు దారిన ఉరికాడు.

మోటరు స్టాండులో దీపాలు ముట్టిస్తున్నారు. ఆర్మూరు మీదుగా నిర్మల్ పోయే మోటరు కదలడానికి సిద్ధంగా దడదడలాడుతోంది. బాలలక్ష్మి కిటికీలన్నీ వెతికింది. లేదు. స్టాండు వెనక బీడీల ప్రకటన రాసిన గోడ ఉంది. ఆ గోడ కింద ఒక వీపు కనబడింది.

పొద్దున అయితే ఎవరో కాళ్ళు నొచ్చి కూర్చున్నారనుకునేది. ఈ ఒక్కరోజులో ఆమె వీపులు చూడడం నేర్చుకుంది. పక్కన మూట పెట్టుకుని, ఒళ్ళో పిల్లవాణ్ణి పెట్టుకుని, గోడకు మొఖం తిప్పి కూర్చుంది గంగుబాయి.

ఉరికి, లాక్కుని, నాలుగు తిట్టి ఇంటికి పోవాలని ప్రతి నరమూ గుంజింది. చేతులు ముందుకు చాచింది కూడా. ఆ చేతులను అలాగే వెనక్కి తీసుకుని, పోయి గంగుబాయి పక్కన, గోడకు మొఖం పెట్టి కూర్చుంది. మార్కండి నిద్రపోతున్నాడు. నోటి మూల పాలచుక్క. ఆ చుక్క తుడవకుండా కూర్చోవడం ఎంత కష్టమో తల్లులకు చెప్పనక్కర్లేదు.

"పిలువనీకి వచ్చినవా?" అంది గంగుబాయి.

"లేదు, వదినె. కూసోనీకి వచ్చిన."

మోటరు హారను మోగింది. గంగుబాయి గోడతోనే మాట్లాడింది. "తలుపెన్క నిలబడి విన్న."

"ఊఁ."

"వీన్ని నీ చేతులకెల్లి దూరం తీస్కపోవాలనే వచ్చిన. మోటరు మెట్టు మీద కాలు గూడ పెట్టిన. అప్పుడు యాదికొచ్చింది, మా ఇంట్ల గూడ బాయున్నదని."

"ఊఁ."

"దాని మీద చెక్కల మూత నేనే పెట్టిచ్చిన, బాలా. పిల్లి పడుతదని అందరికి చెప్పిన." కొంచెం ఆగింది. "మా ఇంట్ల పిల్లి లేదు."

బాలలక్ష్మి ఊఁ అంది.

"నేను పండుగకు రాలే" అంది గంగుబాయి. "నా పిల్లలను మా అత్త కాడ ఇడిసిపెట్టి ఉరికొచ్చిన. నా తోడ ఉంటె ఏమైతదోనని. పుట్టిల్లు గదా, అవ్వ అడుగుతది, చెప్పుదమనుకున్న. వచ్చినకాడికెల్లి నీ ముచ్చటే అయిపాయె."

"ఆర్మూరు, నిర్మల్! ఎక్కేటోళ్ళు ఎక్కుండ్రి!" కండక్టరు మోటరు రేకు మీద చరిచాడు.

గంగుబాయి లేచింది. లేచి, నిద్రపోతున్న మార్కండిని రెండు చేతులతో ఎత్తి, బాలలక్ష్మి చేతుల్లో పెట్టింది. అంతా విన్న మనిషి. ఆ బొమ్మ సంగతి తెలిసిన మనిషి. తెలిసీ ఆ చేతుల్లోనే పెట్టింది.

"నీ తాన్నే ఉండనియ్యి. నీకు భయమన్న ఉన్నది, బాలా. నాకు ఆ భయం గూడ పోయింది."

మూట తీసుకోలేదు. మోటరు వైపు పోలేదు, పెద్దబజారు వైపూ పోలేదు. గోడ పక్కన సందులోకి తిరిగింది. మోటరు కదిలి దుమ్ము లేచింది. ఆ దుమ్ముకు అవతల ఎక్కడో భూమవ్వ గొంతు, "బాలా, ఏడున్నవే?" అని వినిపిస్తోంది. మోటరు దడదడలో ఇటు నుంచి ఎంత అరిచినా ఆమెకు వినబడదు.

ఆ సందు ఎక్కడికి పోతుందో సాలెవాడలో నీళ్ళు మోసిన ప్రతి ఆడదానికీ తెలుసు. నిన్న బాలలక్ష్మి బొక్కెన పారేసి వచ్చిన చేదబావి గట్టు మీదికి.

మార్కండి కళ్ళు తెరిచి తల్లిని గుర్తుపట్టి నవ్వాడు. బాలలక్ష్మి తన చేతులు చూసుకుంది. పట్టుకునే ఉన్నాయి. బాయి కాడికి పోకు అన్న అత్త మాట ఇంకా చెవిలోనే ఉంది. ముందు మసక వెలుతురులో ఆ వీపు ఒక్కొక్క అడుగే దూరమవుతోంది.

ఆమె పిలవలేదు. కొంగుతో కొడుకును నడుముకు బిగించి కట్టుకుని, ఆ సందులోకి అడుగుపెట్టింది.